పాడ్‌కాస్ట్‌కి గెస్ట్‌గా వెళ్ళాలంటే హోస్ట్‌కి ఏమని రాయాలి?

పాడ్‌కాస్ట్ హోస్ట్‌లకి గెస్ట్‌గా వస్తామంటూ అందే మెయిళ్ళు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. "నేను ఫలానా. ఇన్నేళ్ళ అనుభవం ఉంది, ఇన్ని అవార్డులు వచ్చాయి, మీ షోలో పాల్గొనాలని ఉంది." చదివిన హోస్ట్‌కి మీరు గొప్పవారని తెలుస్తుంది. మీతో ముప్పావుగంట ఏం మాట్లాడాలో మాత్రం తెలియదు. అది ఆలోచించే భారం తన నెత్తిన పడుతుంది కాబట్టి, తర్వాత చూద్దాంలే అని పక్కన పెడతారు. ఆ తర్వాత మళ్ళీ తెరవరు.

హోస్ట్ వెతుక్కునేది వచ్చే వారం ఎపిసోడ్‌ని. దాన్ని మీరు సగం తయారుచేసి చేతిలో పెడితే మీకు పిలుపు వస్తుంది. అంటే రాయాల్సింది మీ గురించి కాదు, ఆ ఎపిసోడ్ గురించి. ఇది ఎలా చేయాలో వరసగా చూద్దాం.

1. ముందు మీ మాట తేల్చుకోండి

"ఆరోగ్యం గురించి మాట్లాడతాను", "వ్యాపారం గురించి మాట్లాడతాను" అంటే అవి లైబ్రరీలో అరల మీద రాసే పేర్ల లాంటివి. ఎపిసోడ్ కావాలంటే అందులో ఒక వాదన ఉండాలి. పదిమంది అనుకునేదానికి కాస్త ఎదురుగా నిలబడే మాట ఉండాలి.

ఒక ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. మీరు స్ట్రక్చరల్ ఇంజనీర్ అనుకోండి. పాత ఇళ్ళు కొనేవాళ్ళ తరఫున వెళ్ళి, ఇల్లు గట్టిగా ఉందో లేదో చూసి చెప్పడం మీ పని. "భవనాల నాణ్యత గురించి మాట్లాడతాను" అని రాస్తే ఎవరూ పిలవరు. అదే ఇలా చెప్పి చూడండి: "ఇల్లు చూడటానికి వెళ్ళినవాళ్ళు ప్లాస్టర్ మీద వెంట్రుకంత పగులు కనిపిస్తే బెదిరిపోతారు, కొత్తగా వేసిన రంగు కనిపిస్తే మురిసిపోతారు. చాలాసార్లు అనుమానించాల్సింది ఆ రంగునే." వినేవాళ్ళు వెంటనే "అదెలా?" అంటారు. ఆ ప్రశ్న పుట్టిందంటే మీ దగ్గర ఎపిసోడ్ ఉన్నట్టే.

దీన్ని పరీక్షించుకోవడం సులువు. మీ రంగంతో సంబంధం లేని స్నేహితుడికి ఒక్క వాక్యంలో చెప్పండి. "ఓహో, అలాగా" అని ఊరుకుంటే ఇంకా పదును పెట్టాలి. ఎదురుప్రశ్న వేస్తే సరిపోయింది.

ఇలాంటివి రెండు మూడు రాసుకోండి, ఒక్కొక్కటీ ఒక్కో రకం శ్రోతల కోసం. ఈ ఇంజనీరే డబ్బు వ్యవహారాల షోకి వెళ్తే, ఏ లోపాలు చూపించి ధర తగ్గించమనవచ్చో, ఏ లోపాలు కనిపిస్తే ఎంత తగ్గించినా వద్దనుకోవాలో చెప్పవచ్చు. సైన్సు షోకి వెళ్తే, గోడ అసలెందుకు పగులుతుందో చెప్పవచ్చు: ప్లాస్టర్ ఆరేటప్పుడు కుంచించుకుపోతే ఒకలా, పునాది కింద నేల ఒక పక్క దిగితే ఇంకోలా. కుటుంబ విషయాల షోకి వెళ్తే, ఇంట్లో అందరికీ ఇల్లు నచ్చేశాక ఇంజనీరు వచ్చి వద్దంటే జరిగే గొడవే పెద్ద కథ.

ప్రతి వాదన పక్కన మీ పనిలో నిజంగా ఎదురైన ఒక సంఘటన రాసిపెట్టుకోండి. ఎవరి ఇల్లో, ఎవరి కేసో బయటపడకుండా చెప్పగలిగేదై ఉండాలి. సూత్రాలు చెప్పే గెస్ట్‌లు హోస్ట్‌లకి ఎప్పుడూ దొరుకుతారు. "ఒకసారి ఏమైందంటే" అని మొదలుపెట్టగలిగినవాళ్ళకే కొరత.

2. షోలు వెతకండి

అందరికీ తెలిసిన పెద్ద షోలతో మొదలుపెట్టకండి. వాళ్ళకి గెస్ట్‌ల కొరత ఉండదు, మీకా ఇంకా మాట్లాడిన అనుభవం ఉండదు. మీ విషయం కోసమే వచ్చే కొద్దిమంది శ్రోతలున్న షో మీకు ఎక్కువ మేలు చేస్తుంది. పాత ఇళ్ళు కొనడం గురించే నడిచే చిన్న షోలో మాట్లాడితే, వింటున్న ప్రతి ఒక్కరూ మీకు కావలసినవాళ్ళే.

యాపిల్ పాడ్‌కాస్ట్స్, స్పాటిఫై, యూట్యూబ్ మూడింటిలోనూ వెతకండి. లిసన్ నోట్స్ అనే సెర్చ్ ఇంజిన్ ఎపిసోడ్‌ల స్థాయిలో వెతికిపెడుతుంది, ఈ పనికి బాగా ఉపయోగపడుతుంది. పాత గైడ్‌లలో గూగుల్ పాడ్‌కాస్ట్స్‌లో వెతకమని ఉంటుంది. అది 2024లో మూతపడింది, దాన్ని వదిలేయండి.

విషయం పేరుతో వెతకడం కంటే మంచి దారి ఇంకొకటుంది. మీ రంగంలో మీలాంటి పనే చేస్తూ బయట మాట్లాడే ఇద్దరు ముగ్గురి పేర్లు కొట్టి వెతకండి. వాళ్ళు ఏయే షోలకి వెళ్ళారో ఆ షోలు మీలాంటివాళ్ళని పిలుస్తాయని తేలిపోయింది. పాడ్‌చేజర్ అనే వెబ్‌సైట్‌లో గెస్ట్‌ల పేర్ల కిందే వాళ్ళు కనిపించిన ఎపిసోడ్‌ల జాబితా దొరుకుతుంది.

దొరికిన ప్రతి షోకీ రాయకండి. ముందు చివరి ఎపిసోడ్ ఎప్పుడు వచ్చిందో చూడండి. ఉత్సాహంగా మొదలై కొన్ని ఎపిసోడ్‌లకే ఆగిపోయిన పాడ్‌కాస్ట్‌లు కోకొల్లలు, నెలల తరబడి కదలిక లేనివాటికి రాసి లాభం లేదు. తర్వాత గెస్ట్‌లు వచ్చే షోయేనా, హోస్ట్ ఒక్కరే మాట్లాడే షోనా అన్నది చూడండి. ఇది చూడకుండా రాసేవాళ్ళు చాలామంది ఉన్నారంటే నమ్మండి.

మిగిలినవాటిని ఒక షీట్‌లో ఎక్కించండి. షో పేరు, హోస్ట్ పేరు, మీరు విన్న ఎపిసోడ్, మీ మూడు ఆలోచనల్లో దానికి ఏది నప్పుతుంది, మెయిల్ పంపిన తేదీ, గుర్తుచేసిన తేదీ, జవాబు. ఈ గడులు చాలు. పదో పదిహేనో షోలతో మొదలుపెట్టండి. వందమందికి ఒకేలా పంపే మెయిల్ కంటే పదిమందికి వేరువేరుగా రాసిన మెయిళ్ళకే జవాబులు వస్తాయి.

3. వినండి, వదిలేసిన ప్రశ్న పట్టుకోండి

ఈ పనిలో అసలు కష్టం ఇదే, ఫలితం ఇచ్చేదీ ఇదే. అందుకే చాలామంది దీన్ని దాటేస్తారు. షోకి కనీసం రెండు ఎపిసోడ్‌లు పూర్తిగా వినండి. ఒకటి తాజాది, ఒకటి మీ విషయానికి దగ్గరగా ఉన్నది. వేగం పెంచుకుని విన్నా ఫర్వాలేదు.

వినేటప్పుడు పేపరు మీద మూడు సంగతులు రాసుకోండి. హోస్ట్ ప్రతి గెస్ట్‌నీ అడిగే ప్రశ్న ఏదైనా ఉందా? గెస్ట్‌ని ఎంతసేపు మాట్లాడనిస్తున్నారు, మధ్యలో అడ్డుపడుతున్నారా? మూడోదే బంగారం: గెస్ట్ ఏదో ఆసక్తికరమైన మాట అన్నాక, హోస్ట్ దాన్ని తవ్వకుండా ముందుకి వెళ్ళిపోయిన చోటు ఎక్కడ?

మన ఇంజనీరు ఇంటి అప్పు మీద ఒక ఎపిసోడ్ విన్నారనుకుందాం. బ్యాంకింగ్ తెలిసిన గెస్ట్ మాటల్లో మాటగా "ఇల్లు ఎలా ఉందో బ్యాంకువాళ్ళే చూసుకుంటారు కదా" అన్నారు. హోస్ట్ ఊఁ కొట్టి వడ్డీ రేట్లలోకి వెళ్ళిపోయారు. అదిగో, వదిలేసిన ప్రశ్న. బ్యాంకు పంపే మనిషి ప్రధానంగా చూసేది ఆ ఆస్తి విలువ అప్పుకి సరిపోతుందా అన్నది. గోడలో నీళ్ళు దిగుతున్నాయా అన్నది కొనేవాళ్ళ తలనొప్పి. ఈ తేడా మీదే కొత్త ఎపిసోడ్ నిలబడుతుంది. పైగా మీరు షో నిజంగా విన్నారని చెప్పుకోనక్కర్లేకుండానే తెలిసిపోతుంది.

4. ఎక్కడికి రాయాలి

షో వెబ్‌సైట్‌లో గెస్ట్‌ల కోసం ఫారం ఉంటే ఆ ఫారమే నింపండి. ఫారం ఉండగా పక్కదారిన ఇన్‌స్టాగ్రామ్‌లో మెసేజ్ పెడితే చెప్పిన మాట వినని మనిషి అనుకుంటారు. ఫారం లేకపోతే ఎపిసోడ్ వివరణ అడుగున మెయిల్ ఉందేమో చూడండి. అక్కడా లేకపోతే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ చూడండి. పాడ్‌కాస్ట్ యాప్‌లు చాలావరకు ఎపిసోడ్‌లు తెచ్చుకునేది ఈ ఫీడ్ నుంచే. అందులో యజమాని మెయిల్ రాసే చోటు ఒకటి ఉంటుంది. స్పామ్ బెడద వల్ల చాలా ఫీడ్‌లలో ఇప్పుడది కనిపించదు గానీ, చూడటానికి ఒక్క నిమిషమే. పెద్ద షో అయితే హోస్ట్‌కి కాకుండా ప్రొడ్యూసర్‌కి రాయండి. గెస్ట్‌లని ఎంచేది తరచు వాళ్ళే.

షో ఏ భాషలో నడిస్తే మెయిల్ ఆ భాషలోనే రాయండి. తెలుగు షోకి ఇంగ్లీషులో దరఖాస్తు పెడితే, మీరు తెలుగులో ముప్పావుగంట ధారాళంగా మాట్లాడగలరా అన్న అనుమానం మీరే పుట్టించినవారవుతారు.

5. మెయిల్

సబ్జెక్ట్ లైన్‌లో మీ పేరు, హోదా పెట్టకండి. ఎపిసోడ్‌కి పెట్టదగిన పేరు పెట్టండి. ఫోన్‌లో చూస్తే చివరి మాటలు తెగిపోతాయి కాబట్టి అసలు సంగతి ముందే రావాలి. మన ఇంజనీరు మెయిల్ ఇలా ఉండొచ్చు:

సబ్జెక్ట్: కొత్త రంగు వేసిన పాత ఇల్లు కొనొచ్చా? (ఎపిసోడ్ ఆలోచన)

నమస్తే అండి,

ఇంటి అప్పు మీద మీరు చేసిన ఎపిసోడ్ విన్నాను. అందులో మీ గెస్ట్ "ఇల్లు ఎలా ఉందో బ్యాంకువాళ్ళే చూసుకుంటారు కదా" అన్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్ళు కూడా చాలామంది అలాగే అనుకుంటారు. బ్యాంకు ప్రధానంగా చూసేది ఆస్తి విలువని. గోడ సంగతి కొనేవాళ్ళే చూసుకోవాలి.

దీని మీద ఒక ఎపిసోడ్ చేస్తే మీ శ్రోతలకి పనికొస్తుందనిపించింది. నేను చెప్పగలిగినవి:
– ఏ పగుళ్ళకి భయపడక్కర్లేదు, ఏవి కనిపిస్తే ఆగిపోవాలి. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోయే వెడల్పాటి పగులు, ఇటుకల వరస వెంట మెట్లుమెట్లుగా దిగే పగులు ఎందుకు వేరు
– ఇల్లంతా పాత రంగు ఉండి ఒక్క గోడకే కొత్త రంగు ఉంటే అమ్మేవాళ్ళని ఏం అడగాలి
– ఇంజనీరు అక్కర్లేకుండా ఎవరికి వాళ్ళు పావుగంటలో చూసుకోగలిగినవి

నేను స్ట్రక్చరల్ ఇంజనీర్ని. పాత ఇళ్ళు కొనేవాళ్ళ తరఫున వెళ్ళి చూసి రిపోర్టు రాయడం నా రోజువారీ పని. నేనెలా మాట్లాడతానో ఈ ఒక్క నిమిషం ఆడియోలో వినొచ్చు. (ఇక్కడ లింకు)

ఆసక్తి ఉంటే ఒక్క మాట రాయండి, మిగతా వివరాలు పంపుతాను.

(పేరు, ఫోన్ నంబరు)

ఇందులో మనిషి పరిచయం చివర్లో, అదీ రెండు వాక్యాల్లో వచ్చిందని గమనించండి. ఇలా ఎందుకు చెప్పగలరో తెలియడానికి ఆ మాత్రం చాలు. డిగ్రీలు, అవార్డులు మీ వెబ్‌సైట్‌లోనో లింక్‌డ్‌ఇన్‌లోనో ఉంటే కావలసినవాళ్ళు అక్కడికి వెళ్ళి చూసుకుంటారు.

"మీ షో అద్భుతం, నేను వీరాభిమానిని" అన్న వాక్యం లేదని కూడా గమనించండి. ఏ ఎపిసోడో, అందులో ఏ మాటో చెప్పకుండా పొగిడితే హోస్ట్‌కి ఒళ్ళు మండుతుంది. ఏఐతో రాయించి షో పేరు మాత్రం మార్చి పంపే మెయిళ్ళూ ఇట్టే దొరికిపోతాయి. ఎపిసోడ్ సారాంశం చదివి విన్నట్టు రాసినా అంతే. హోస్ట్ మాట్లాడేటప్పుడు ఆ ఎపిసోడ్ ప్రస్తావన తెస్తే నీళ్ళు నమలాల్సి వస్తుంది.

మీరు ఇంతవరకూ ఏ షోకీ వెళ్ళకపోతే ఆ ఒక్క నిమిషం ఆడియో తప్పనిసరి. ఫోన్‌లోనే రికార్డు చేయండి. స్నేహితుణ్ణి ఒక ప్రశ్న అడగమని, దానికి జవాబు చెప్పండి. కాగితం చూసి చదవకండి. హోస్ట్ అందులో వినేది మీ జ్ఞానాన్ని కాదు, మీరు మామూలు మనిషిలా మాట్లాడతారా లేదా అన్నదాన్ని. ఫైలు మెయిల్‌కి అంటించకుండా లింకు ఇవ్వండి. ముక్కూ మొహం తెలియనివాళ్ళు పంపిన ఫైలు తెరవడానికి ఎవరైనా జంకుతారు.

6. జవాబు రాకపోతే

వారం పది రోజులు ఆగి ఒక్కసారి గుర్తుచేయండి. "నా మెయిల్ చూశారా?" అని కాకుండా కొత్త ముక్క ఏదైనా జోడించండి. ఆ వారం వాళ్ళ కొత్త ఎపిసోడ్‌లో మీ విషయానికి తగిలే మాట వచ్చి ఉండొచ్చు. రెండు వాక్యాలు చాలు. అప్పటికీ పలకకపోతే ఆరు నెలల దాకా వదిలేసి, తర్వాత వేరే ఆలోచనతో వెళ్ళండి. వద్దని రాసినవాళ్ళకి థాంక్స్ చెప్పండి. వద్దనడానికి కూడా సమయం వెచ్చించారు, ఆ మర్యాద గుర్తుపెట్టుకోవాల్సిందే.

కొన్ని షోలు "వస్తే రండి, ఇంత ఫీజు" అంటాయి. నా దృష్టిలో అది ఇంటర్వ్యూ కాదు, ప్రకటన. ప్రకటనగానే బేరీజు వేయండి: ఒక్కో ఎపిసోడ్‌ని ఎంతమంది వింటున్నారో ఆధారం చూపించమనండి, డబ్బు తీసుకున్న సంగతి శ్రోతలకి చెబుతారా అని అడగండి. రెండో ప్రశ్నకి నీళ్ళు నమిలితే దూరంగా ఉండండి. గెస్ట్‌లనీ హోస్ట్‌లనీ కలిపే పాడ్‌మ్యాచ్ లాంటి సర్వీసులు వేరు, అవి చూడటంలో తప్పు లేదు. మీ తరఫున మెయిళ్ళు పంపే ఏజెన్సీల జోలికి మాత్రం మొదట్లోనే వెళ్ళకండి. మీ మాట ఎవరికి పనికొస్తుందో మీరే రాసి, జవాబులు చూసి తెలుసుకోవాలి. ఆ పని ఇంకొకరికి అప్పగిస్తే ఆ సంగతి మీకు ఎప్పటికీ తెలియదు.

7. రమ్మన్నాక

ముందు అడగాల్సినవి అడిగేయండి: ఎంతసేపు, వీడియో ఉంటుందా, ఏ సాఫ్ట్‌వేర్‌లో, సుమారుగా ఎప్పుడు విడుదల. రెండు వాక్యాల పరిచయం, ఒక ఫొటో పంపండి. మీ పేరు పలకడం కష్టమైతే ఎలా పలకాలో కూడా రాయండి.

ఖరీదైన మైక్ కంటే గది ముఖ్యం. ఖాళీ గోడల గదిలో ఎంత మంచి మైక్ పెట్టినా బావిలోంచి మాట్లాడినట్టే ఉంటుంది. పరుపు, కర్టెన్లు, బట్టలు ఉన్న చిన్న గది వెతుక్కోండి. ఫ్యాన్ ఆపండి. తరచు వెళ్ళే ఉద్దేశం ఉంటే యూఎస్‌బీతో నేరుగా కలిపే డైనమిక్ మైక్ ఒకటి కొనుక్కోండి. శామ్‌సన్ క్యూ2యూ ఆ కోవలోదే. దగ్గరి గొంతునే బాగా పట్టి గదిలోని చప్పుడుని తక్కువగా తీసుకుంటుంది కాబట్టి ఇంట్లో మాట్లాడేవాళ్ళకి, చుట్టూ ఉన్న చిన్న చప్పుళ్ళని కూడా పట్టేసే కండెన్సర్ మైక్ కంటే ఇది మేలు. నోటికి పిడికిలంత దూరంలో పెట్టుకోండి.

ఇయర్‌ఫోన్స్ తప్పకుండా పెట్టుకోండి, అవి వైర్‌తో ఉన్నవైతే మంచిది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్‌లోని మైక్ వాడితే చాలాసార్లు ఆడియో ఫోన్ కాల్ స్థాయికి దిగిపోతుంది. మీ గొంతు అటువైపు ఎలా వినిపిస్తోందో మీకు వినిపించదు కాబట్టి ఆ సంగతి తెలియనే తెలియదు.

రివర్‌సైడ్, జెన్‌కాస్టర్ లాంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లలో ఎవరి గొంతు వాళ్ళ కంప్యూటర్‌లోనే రికార్డయి, అక్కణ్ణించి అప్‌లోడ్ అవుతుంది. నెట్ తడబడినా రికార్డింగ్ చెడకుండా ఉండేది అందుకే. దీనివల్ల ఒక చిక్కు కూడా ఉంది. మాటలు అయిపోయాయి కదా అని ట్యాబ్ మూసేస్తే మీ గొంతు మీ దగ్గరే ఆగిపోవచ్చు. అప్‌లోడ్ పూర్తయిందని తెర మీద కనిపించేదాకా కదలకండి.

మాట్లాడేటప్పుడు జవాబుని ఎక్కడో ఒకచోట ముగించండి. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఎక్కువగా తడబడేది ఇక్కడే. జవాబు చెప్పేసి, అది సరిపోలేదేమోనని మళ్ళీ మొదటి నుంచి అందుకుంటారు. ఆగితే హోస్ట్ ఇంకో ప్రశ్న వేస్తారు, అది వాళ్ళ పని. మీరు అందించే సేవో, రాసిన పుస్తకమో ఉంటే చివర్లో అడిగినప్పుడు ఒక్కటే చెప్పండి, అదీ చెవితో విని గుర్తుపెట్టుకోగలిగిన చిన్న చిరునామా. ఏదైనా తప్పు చెప్పానని, చెప్పకూడనిది నోరుజారానని అనిపిస్తే ఆ రోజే హోస్ట్‌కి రాయండి. ఎడిటింగ్‌కి ముందు తీసేయడం వాళ్ళకి చిన్న పని, విడుదలయ్యాక అడిగితే పెద్ద తంటా.

విడుదలైన రోజు ఎపిసోడ్‌ని మీ వాళ్ళందరికీ పంపండి. చిన్న ముక్కలు కత్తిరించి వాడుకోవాలంటే ముందు అనుమతి అడగండి. వారం తర్వాత హోస్ట్‌కి ఇంకో మెయిల్ రాయండి. ఈ విషయం మీద ఆసక్తి ఉండే మరో హోస్ట్ ఎవరైనా తెలుసా అని అడగండి. పాడ్‌కాస్ట్‌లు చేసేవాళ్ళకి తోటి హోస్ట్‌లతో పరిచయాలుంటాయి. మాట్లాడటం తెలిసిన గెస్ట్ దొరికితే తోటివాళ్ళకి చెప్పడానికి వాళ్ళకీ ఇష్టమే.